కప్పులేని ఇల్లు – టాప్ విథెన్స్

ఆంగ్ల సాహిత్యాభిమానులలో 1847లో వెలువడిన ఎమిలీ బ్రాంటీ నవల 'వుదరింగ్ హైట్స్' పేరు విననివారు అరుదు. ఆ నవలలోని ఇంటికి మూలమని పలువురు నమ్ముచున్న రాతి ఇల్లు ఒకటి ఉత్తర ఇంగ్లాండులోని యార్క్‌షైర్‌లో, హావర్త్ గ్రామమునకు దూరముగా, బయలు కొండపై శిథిలమై నిలిచి ఉన్నది. దాని పేరు టాప్ విథెన్స్. అట్టి ఇండ్ల నిర్మాణమెట్టిదో, అవి ఏల కూలునో వివరించుటయే మా ఉద్దేశము.

ఇది ప్రభువుల భవనము కాదు. 16వ శతాబ్ది నాటిదని చెప్పబడు సామాన్య రైతు ఇల్లు. సముద్రమట్టమునకు సుమారు 420 మీటర్ల ఎత్తున ఉన్నది. అచ్చట చెట్లు తక్కువ, గాలివానలు ఎక్కువ. కలప కరవైన చోట రాయియే దిక్కు. ఆ ప్రాంతపు రాయిని 'మిల్‌స్టోన్ గ్రిట్' అందురు. పూర్వము తిరగలి రాళ్ళను దీనితోనే మలచెడివారు గనుక ఆ పేరు వచ్చినది. ఇది గరుకైన, గట్టి ఇసుకరాయి.

ఆ కొండసీమలోని పాత ఇండ్ల గోడ నిజమునకు ఒక గోడ కాదు, రెండు. లోపలి వరుస, వెలుపలి వరుస వేరువేరుగా పేర్చి, నడుమ చిన్న రాళ్ళను, సున్నమును నింపుదురు. ఈ రెండు వరుసలు విడిపోకుండ అక్కడక్కడ గోడ మందమంతయు పట్టు పొడుగాటి రాళ్ళను అడ్డముగా పెట్టుదురు. మూలలయందు పెద్ద రాళ్ళు ఉండును. కిటికీలు పొట్టివి, రాతి నిలువు కమ్ములతో చిన్న గడులుగా విభజింపబడి ఉండును. పై బరువును ఆ కమ్ములును పంచుకొనును. మగ్గముపై నేసి జీవించిన కుటుంబముల ఇండ్లలో, వెలుతురు కొరకు, మేడగదికి ఇట్టి కిటికీలు వరుసగా ఉండెడివి. పలుచోట్ల ఇల్లును, పశువుల కొట్టమును ఒకే కప్పు క్రింద ఉండెను.

కప్పు సైతము రాతిదే. పలకలను చూరు వద్ద పెద్దవిగా, పైకి పోవు కొలది చిన్నవిగా పరచుదురు. ఆ బరువే గాలికి జవాబు. కాని ఆ బరువంతయు మోయునది కలప. ఇల్లు ఆయువుపట్టు అచ్చటనే ఉన్నది.

1893లో పిడుగుపాటు వలన టాప్ విథెన్స్ దెబ్బతిన్నది. 1926 ప్రాంతమున చివరి నివాసి వెడలిపోయెను. పిమ్మట కప్పు పోయినది. ఇట్టి ఇండ్లు కూలు క్రమము తెలిసినదే. ఒక పలక జారును, ఆ సందున వాన దిగి వాసము కుళ్ళును, కప్పు కూలును. అంతట గోడ తలపై నీరు నిలిచి నడుమనున్న సున్నమును కడిగివేయును. శీతకాలమున ఆ నీరు గడ్డకట్టి దాదాపు నూటికి తొమ్మిది పాళ్ళు ఉబ్బును. గోడ రెండు వరుసలను ఆ ఒత్తిడి వెలుపలికి నెట్టును. నాలుగు వందల యేండ్లు నిలువగల రాతిని ఓడించునది తుపాను కాదు, సకాలమున సవరింపని ఒక్క పలక.

మరి నవలలోని ఇంటి వలె దీనిని తిరిగి కట్టరాదా? కట్టిన అది అసత్యమగును. పూర్తిగా ఉన్ననాడు కూడ ఇది నవలలో వర్ణించిన ఇంటిని పోలి లేదనియు, పరిసరములు మాత్రము రచయిత్రి మనసులో ఉండియుండవచ్చుననియు 1964లో బ్రాంటీ సొసైటీ అచ్చటి ఫలకముపై వ్రాయించెను. యాత్రికులను ఆకర్షించు నమ్మకమును కాదని సత్యమును చెప్పుట మెచ్చదగినది. 1877లో విలియం మారిస్ మున్నగువారు స్థాపించిన పురాతన కట్టడముల రక్షణ సంఘము కూడ ఊహతో పునర్నిర్మించుట కన్న నిత్య సంరక్షణమే మేలని బోధించెను. వ్రాతప్రతిలో చినిగిన పుటను పండితుడు సొంత పద్యముతో పూరింపడు గదా! ఉన్నది చెదరకుండ కాపాడును.

కట్టడములను కాపాడుటకు ఎల్లప్పుడును గొప్ప నిధులు అక్కరలేదు. వానకాలమునకు ముందు ఒకరు కప్పు ఎక్కి చూచిన చాలును. తాతలు కట్టిన ఇల్లయినను, విద్యాలయమైనను, మసీదైనను, మందిరమైనను ఈ నియమము ఒక్కటే.