గ్రాముకు ఐదు

కోహినూరు బరువెంత? ఒక పుస్తకంలో 186 క్యారెట్లని ఉంటుంది. ఇంకో దాంట్లో 191. కొన్నిట్లో 108.93. ఈమధ్య వచ్చినవన్నీ 105.6 అంటాయి. 1852లో లండన్‌లో ఆ వజ్రాన్ని మళ్లీ సానపట్టి చిన్నది చేశారు కాబట్టి, పెద్ద అంకెలు రెండూ సానకు ముందువి, చిన్నవి రెండూ తర్వాతివి అని సర్దిచెప్పుకోవచ్చు. మరి ముందు రెండు అంకెలేమిటి, తర్వాత రెండు అంకెలేమిటి?

ముందటి జత సంగతి తేలిక. 1851 లండన్ ప్రదర్శనలో జనం ఎగబడి చూసినప్పుడు దాని తూకం 186 క్యారెట్ల పైన పదహారో వంతు. అది అప్పటి లండన్ క్యారెట్, సుమారు 205 మిల్లీగ్రాములు. ఇప్పటి క్యారెట్ కచ్చితంగా 200 మిల్లీగ్రాములు. అదే 38.2 గ్రాముల రాయి పాత లెక్కలో 186, కొత్త లెక్కలో 191. రాయి పెరగలేదు, తూకపు రాయి తగ్గింది. రెండో జత కథ వేరు. సానపట్టాక 108.93 అని దశాబ్దాల పాటు పుస్తకాల్లో సాగిపోయింది. చాలాకాలం తర్వాత కిరీటం నుంచి తీసి మళ్లీ తూస్తే 105.602 వచ్చింది. మధ్యలో ఎవరూ దాని మీద చెయ్యి వేయలేదు. తేడా మూడు క్యారెట్ల పైచిలుకు, అంటే గ్రాములో మూడింట రెండు వంతులు. అంత పేరున్న వజ్రానికే ఇంత తేడా వస్తే మామూలు కెంపులూ పచ్చల సంగతి చెప్పాలా?

లెక్క మాత్రం పిల్లలు చేసేదే. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు. గ్రాముకు ఐదు క్యారెట్లు, కిలోకు ఐదు వేలు. గ్రాముల్ని ఐదుతో హెచ్చిస్తే క్యారెట్లు, క్యారెట్లను ఐదుతో భాగిస్తే గ్రాములు. క్యారెట్‌లో నూరో వంతును వ్యాపారంలో సెంటు అంటారు, కొందరు పాయింటు అంటారు. మనకు సెంటు అనగానే స్థలం గుర్తొస్తుంది. అక్కడ ఎకరంలో నూరో వంతు, ఇక్కడ రెండు మిల్లీగ్రాములు. ఇక బంగారం స్వచ్ఛతకు చెప్పే 22 క్యారెట్లు, 24 క్యారెట్లు దీనికి సంబంధం లేనివి. అక్కడ లోహాన్ని 24 వంతులు చేస్తే అందులో బంగారం ఎన్ని వంతులన్నది లెక్క. అది నాణ్యత, ఇది బరువు.

రత్నాల్ని కిలోల్లో ఎవరూ అడగరు గానీ, అలా మార్చి చూస్తే కొన్ని సంగతులు వింతగా ఉంటాయి. ఇటీవలి సంవత్సరాల్లో ప్రపంచంలోని గనులన్నీ కలిసి ఏటా తీస్తున్న ముడి వజ్రాలు పది కోట్ల క్యారెట్లకు పైనే. వినడానికి ఎంతో పెద్ద అంకె. 5,000తో భాగిస్తే ఇరవై టన్నుల చిల్లర, రెండు లారీలు చాలు. 1905లో దక్షిణాఫ్రికాలోని ప్రీమియర్ గనిలో దొరికిన కల్లినన్, అంత నాణ్యమైన వజ్రాల్లో అంత పెద్దది ఇంకొకటి దొరకలేదని పేరు. దాని బరువు 621 గ్రాములు, ముప్పావు కిలో కూడా కాదు. పాత క్యారెట్లలో అది 3,025 ముప్పావు, కొత్త క్యారెట్లలో 3,106. తమాషా ఏమిటంటే, ఆ రాయిని 1908లోనే ఆమ్‌స్టర్‌డామ్‌లో ముక్కలు చేశారు. బ్రిటన్ కొత్త క్యారెట్‌కు మారింది 1914లో. రాయే లేకుండా పోయాక దాని బరువు ఎనభై క్యారెట్లు పెరిగిందన్నమాట.

ఈ గందరగోళమంతా గింజలతో మొదలైంది. మధ్యధరా తీరంలో కారబ్ అనే చెట్టు గింజలతో రత్నాలు తూచేవారు. క్యారెట్ అక్కణ్నుంచి వచ్చిందే. ఆ గింజలన్నీ ఒకే బరువుంటాయని చాలాకాలం నమ్మారు. 2006లో కొందరు వృక్షశాస్త్రవేత్తలు తూచి చూస్తే, మిగతా గింజల్లాగే అవీ ఎక్కువ తక్కువలుగా ఉన్నాయని తేలింది. మన దగ్గర గురివింద గింజ, దానికన్నా పెద్దదైన మంజాడి గింజ ఆ పని చేశాయి. గింజను ఊరు మారిస్తే తూకం మారుతుంది. పందొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి ఫ్లోరెన్స్‌లో క్యారెట్ 197 మిల్లీగ్రాములు, లండన్‌లో 205, మద్రాసులో 207. మద్రాసులో వెయ్యి క్యారెట్లు తూయించుకున్న వ్యాపారి ఫ్లోరెన్స్‌లో ఓడ దిగి తూయిస్తే అవి 1,050 అయ్యేవి. ఏమీ కొనకుండానే యాభై క్యారెట్లు!

గోల్కొండ వజ్రాల రోజుల్లో ఈ తేడా ఎంత దగ్గరి చోట్ల మధ్య కూడా ఉండేదో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే రాసిపెట్టాడు. పదిహేడో శతాబ్దంలో మన గనులకు స్వయంగా వచ్చి కొనుగోళ్లు చేసినవాడాయన. కృష్ణ ఒడ్డున కొల్లూరు గని దగ్గర, రావుల్‌కొండ గని దగ్గర 'మంజెలిన్' అనే తూకం వాడేవారట. మన మంజాడే అది. గనుల దగ్గర మంజెలిన్ అంటే ఒకటి ముప్పావు క్యారెట్. అదే గోల్కొండ, బీజాపూర్ రాజ్యాల్లో మామూలుగా వాడే మంజెలిన్ ఒకటింబావు పైన ఇంకో అరపావు మాత్రమే. గని దగ్గర పది మంజెలిన్ల రాయి పట్నం చేరితే పన్నెండు దాటుతుంది. పేరొకటే, తూకాలు రెండు. ఏ మంజెలినో అడగనివాడు నష్టపోవాల్సిందే.

రావుల్‌కొండలో తాను చూసిన పిల్లల గురించి కూడా రాశాడాయన. వర్తకుల పిల్లలు, పదేళ్ల నుంచి పదిహేను పదహారేళ్ల లోపువాళ్లు, ఊరి నడిబొడ్డున చెట్టుకింద కూర్చునేవారు. ఒక్కొక్కడికి ఒక పక్క తూకపు రాళ్ల సంచి, ఇంకో పక్క నడుముకు బంగారు పగోడా నాణేల సంచి. ఎవరైనా రాయి తెస్తే ముందు పెద్దవాడి చేతిలో పెట్టేవారు. వాడు చూసి పక్కవాడికి, వాడు ఇంకొకడికి. నోరెత్తకుండా చేతులు మారి రాయి మళ్లీ పెద్దవాడి దగ్గరికి చేరేది. అప్పుడు వాడు ధర అడిగేవాడు. ఎక్కువకు కొంటే నష్టం వాడిదే. సాయంత్రం అందరూ కూర్చుని ఆ రోజు కొన్నవాటిని మెరుపును బట్టి, బరువును బట్టి వేరు చేసుకునేవారు.

ఈ గింజల లెక్కలకు ముగింపు పలికింది 1907లో జరిగిన తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములని అక్కడ తీర్మానించారు. అమెరికా 1913లో, బ్రిటన్ ఆ మరుసటేడు ఒప్పుకున్నాయి. రత్తి మాత్రం ఇప్పటికీ లొంగలేదు. కంసాలి లెక్కలో రత్తి అంటే 121 మిల్లీగ్రాముల పైచిలుకు, గురివింద గింజంత. జాతిరాళ్ల బజారులో రత్తి అంటే 182 మిల్లీగ్రాముల దాకా. 'ఐదు రత్తుల కెంపు పెట్టుకోండి' అని జ్యోతిష్కుడు చెబితే మొదటి లెక్కలో మూడు క్యారెట్లు, రెండో లెక్కలో నాలుగున్నర. గ్రహాలకు ఏది సరిపడుతుందో నాకు తెలియదు గానీ, డబ్బుకు ఆ తేడా బాగా తెలుస్తుంది. రత్తుల్లో ఎవరేం చెప్పినా బిల్లు క్యారెట్లలోనో మిల్లీగ్రాముల్లోనో రాయించుకోవడమే మేలు.

ఇక కాటా సంగతి. కిలోల్ని క్యారెట్లుగా మార్చడంలో తప్పు గుణకారంలో రాదు, కాటాలో వస్తుంది. వంటింటి కాటా మీద రాళ్ల పొట్లం పెడితే 0.012 కిలోలు అని చూపించిందనుకోండి. ఐదు వేలతో హెచ్చించి 60 క్యారెట్లని రాసేస్తాం. ఆ కాటా గ్రాముకు తక్కువ చూపించదు. అసలు బరువు పదకొండున్నర గ్రాములకూ పన్నెండున్నరకూ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అంటే 57.5 నుంచి 62.5 క్యారెట్ల మధ్య. కూరగాయల బండి మీది కాటా ఐదు గ్రాముల చొప్పున కదిలితే అక్కడ అడుగు 25 క్యారెట్లు. పది మిల్లీగ్రాముల దాకా చూపే బంగారం కాటా కూడా ఐదు సెంట్ల కన్నా సన్నంగా తూయలేదు. క్యారెట్ లక్ష రూపాయల రాయి అయితే ఐదు సెంట్లంటే ఐదు వేలు. అందుకే రత్నాలకు మిల్లీగ్రామునైనా పట్టే కాటా కావాలి. గాలి తగలకుండా దానికి అద్దాల గూడు ఉంటుంది. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో వజ్రాల కోసం వెతికేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఇదే. దొరికిన రాయిని కొనేవాడి కాటా మీద ఒక్కచోటే తూయించి ఊరుకోకూడదు.

ఇంత సన్నపు తూకం అవసరమా అంటే, ధర బరువుతో సమానంగా పెరగదు కాబట్టి అవసరమే. బరువును బరువుతో హెచ్చించి ధర కట్టే పద్ధతిని టావెర్నియే తన పుస్తకంలో చెప్పాడు. ఆ లెక్కన 12 క్యారెట్ల వజ్రానికి అంతే నాణ్యమున్న ఒక క్యారెట్ వజ్రం ధరకు 144 రెట్లు. ఇప్పుడు ఆ సూత్రాన్ని అచ్చంగా ఎవరూ వాడరు. అయినా క్యారెట్ రాయి ఒకటి, అర క్యారెట్ రాళ్లు రెండు పక్కపక్కన పెడితే ఒంటి రాయే ఖరీదు. అంకె 1.00 తాకగానే ధర ఒక మెట్టు ఎక్కుతుంది. అందుకే అమెరికా ప్రయోగశాల జీఐఏ 0.998 క్యారెట్ల వజ్రానికి ఒకటి అని రాయదు, 0.99 అనే రాస్తుంది. మూడో స్థానంలో తొమ్మిది వస్తేనే పైకి సర్దుతుంది.

కంటికి కనిపించే సైజును బట్టి బరువు ఊహించడం కూడా కుదరదు. గుండ్రని ఒక క్యారెట్ వజ్రం ఆరున్నర మిల్లీమీటర్ల అడ్డుకొలత ఉంటుంది. రెండు క్యారెట్లది పదమూడు ఉండదు, ఎనిమిది దాటి కొంచెం ఉంటుంది. పైగా రాయిని బట్టి సాంద్రత మారుతుంది. వజ్రం నీటికి మూడున్నర రెట్లు బరువు, కెంపు, నీలం నాలుగు రెట్లు, పచ్చ రెండు ముప్పావు లోపే. అదే క్యారెట్‌కు పచ్చ పెద్దదిగా, కెంపు చిన్నదిగా కనిపిస్తాయి.

మన ఇళ్లలో ఈ లెక్క అసలు పనికొచ్చేది వజ్రాల దగ్గర కాదు, రాళ్ల హారాల దగ్గర. పెళ్లికి కొనే కెంపుల హారం మొత్తం తూకం 64.600 గ్రాములనుకుందాం. అందులో రాళ్లు 33 క్యారెట్లు. ఐదుతో భాగిస్తే 6.600 గ్రాములు. అంటే బంగారం 58 గ్రాములే. ఆ 6.6 గ్రాములు తీసేయకుండా మొత్తానికి బంగారం ధర కడితే, ముప్పావు కాసుకు పైగా బంగారం సొమ్ము ఎర్ర రాళ్లకు పోసినట్టు. దాని మీద మళ్లీ తరుగు, మజూరీ. చివర్లో 'స్టోన్స్' అని ఇంకో వరుస. ఒక్క రాయికి రెండుసార్లు డబ్బు కట్టడమంటే ఇదే. కుందన్ పనిలోనైతే లోపల లక్క కూడా ఉంటుంది, దాని బరువూ తీయాల్సిందే.

హాల్‌మార్క్ నగ బిల్లులో బంగారం నికర బరువు విడిగా చూపించాలన్నది నిబంధన. కాబట్టి డబ్బు కట్టే ముందు మొత్తం బరువు, రాళ్ల బరువు క్యారెట్లలో, నికర బంగారం గ్రాముల్లో, ఈ మూడూ బిల్లు మీద వేయించుకోండి. రాళ్ల క్యారెట్లను మీరే ఐదుతో భాగించి, మొత్తంలోంచి తీసి చూడండి. సరిపోకపోతే అక్కడే అడగండి. పాత నగ మార్చుకునేటప్పుడు రాళ్లను మీ ఎదుటే ఊడదీయించి, విడిగా తూయించి, మీ చేతికి ఇమ్మనండి. అవి మీ డబ్బుతో కొన్నవే.