క్లౌడ్‌లో డేటాబేస్ పెట్టడం పది నిమిషాల పని.. అసలు పని ఆ తర్వాతే!

కొత్త ఫోన్ వస్తే ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏంటి, కెమెరా ఎలా ఉంది అని చూస్తాం. కానీ ఆ ఫోన్‌లో మనం రోజూ వాడే యాప్‌ల ప్రాణం ఫోన్‌లో ఉండదు. ఆర్డర్లు, టికెట్లు, వాలెట్ బ్యాలెన్స్.. ఇవన్నీ ఎక్కడో ఒక సర్వర్‌లో, ఒక డేటాబేస్‌లో ఉంటాయి. సొంతంగా యాప్ చేసే కుర్రాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. స్క్రీన్లు అదరగొడతారు, డేటాబేస్ దగ్గరకొచ్చేసరికి మాత్రం యూట్యూబ్ వీడియో చూసి "క్రియేట్" బటన్ నొక్కేసి వదిలేస్తారు. ఆ బటన్‌కు ముందూ వెనకా ఏం చూసుకోవాలో ఈ ఆర్టికల్‌లో చెప్తాను.

ఉదాహరణ గాల్లోంచి కాకుండా నిజంగా నడుస్తున్నదే తీసుకుందాం. మా బాబాయ్ ప్రకాశం జిల్లాలో ఒక చిన్న పాల సేకరణ కేంద్రం నడుపుతున్నాడు. దాదాపు 180 మంది పాడి రైతులు రెండు పూటలా పాలు పోస్తారు. లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్, రేటు రాసుకుని పది రోజులకోసారి డబ్బులిస్తారు. ఇన్నాళ్లూ అది రిజిస్టర్ పుస్తకం. దానికి నేను ఒక యాప్ చేసి ఇచ్చాను. బాబాయ్ అడిగిన మొదటి ప్రశ్న ఫీచర్ల గురించి కాదు: "ఒరేయ్, ఇదంతా ఎక్కడుంటదిరా? అది కాలిపోతే రైతులకు నేనేం చెప్పాలి?" క్లౌడ్ డేటాబేస్ గురించి ఇంతకంటే మంచి ప్రశ్న నేను ఇంటర్వ్యూల్లో కూడా వినలేదు.

మేనేజ్డ్ తీసుకోవాలా? సొంతంగా పెట్టుకోవాలా?

రెండు దారులున్నాయి. ఒకటి, నెలకు కొంత కట్టి ఒక వర్చువల్ మెషీన్ తీసుకుని అందులో పోస్ట్‌గ్రెస్ లేదా మైఎస్‌క్యూఎల్ మనమే ఇన్‌స్టాల్ చేసుకోవడం. రెండోది మేనేజ్డ్ సర్వీస్. అమెజాన్ ఆర్‌డీఎస్ 2009లో వచ్చింది. గూగుల్‌కు క్లౌడ్ ఎస్‌క్యూఎల్, మైక్రోసాఫ్ట్ అజూర్‌కు దాని సొంత పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ సర్వీసులు ఉన్నాయి.

మెషీన్ మనదే అయితే ఖర్చు తగ్గుతుంది. కానీ సెక్యూరిటీ ప్యాచ్‌లు, బ్యాకప్‌లు, డిస్క్ నిండిందా లేదా అన్నది అర్ధరాత్రి అయినా మనమే చూసుకోవాలి. మేనేజ్డ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్, ప్యాచ్‌లు, ఆటోమేటిక్ బ్యాకప్ వాళ్లు చూస్తారు. అయితే టేబుల్ డిజైన్, ఇండెక్సులు, చెత్త క్వెరీలు, పొరపాటున కొట్టిన డిలీట్.. ఇవి ఎక్కడ పెట్టినా మన బాధ్యతే. చాలామంది తడబడేది ఇక్కడే.

నేర్చుకోవడానికైతే వర్చువల్ మెషీన్ మీద ఒకసారి అయినా చేతులారా పెట్టి చూడండి. ఇంకొకరి డబ్బు లెక్కలు అందులో ఉంటే మాత్రం మేనేజ్డ్‌కే నా ఓటు.

సైజ్ ఎంత కావాలి? కాగితం మీద లెక్క వేయండి

180 మంది, రెండు పూటలు అంటే రోజుకు 360 వరసలు. ఏడాదికి 1,31,400. ఒక్కో వరస 100 బైట్లు అనుకున్నా 13 ఎంబీ చిల్లర. ఇండెక్సులు, మిగతావి కలిపి దానికి మూడింతలు వేసుకున్నా 40 ఎంబీ. వాట్సాప్‌లో వచ్చే ఒక పెళ్లి వీడియో అంత! దీనికి 16 జీబీ ర్యామ్ ఇన్‌స్టాన్స్ ఎందుకు? అతి చిన్నది చాలు. ఇంకో విషయం, ఆర్‌డీఎస్‌లో స్టోరేజ్ పెంచడం తేలిక, నడుస్తున్న ఇన్‌స్టాన్స్‌లో నేరుగా తగ్గించడం కుదరదు. అందుకే చిన్నగా మొదలుపెట్టండి.

రీజియన్: దూరం అంటే టైమ్

ట్యుటోరియల్ వీడియోల్లో రీజియన్ ఎక్కువగా అమెరికాలోనే ఉంటుంది. మనం దాన్నే కాపీ కొడతాం. ఇండియా నుంచి అమెరికా తూర్పు తీరానికి వెళ్లి రావడానికి దాదాపు 200 మిల్లీసెకన్లు పడుతుంది. మీ సర్వర్ ముంబైలో, డేటాబేస్ అమెరికాలో ఉండి, ఒక స్క్రీన్ కోసం 50 క్వెరీలు ఒకదాని తర్వాత ఒకటి వెళ్తే 10 సెకన్లు. ఆ యాప్‌ను ఎవరూ రెండోసారి ఓపెన్ చేయరు.

అమెజాన్‌కు 2016 నుంచి ముంబైలో, 2022 నవంబర్ నుంచి మన హైదరాబాద్‌లో కూడా రీజియన్ ఉంది. ఏది ఎంచుకున్నా సర్వర్, డేటాబేస్ రెండూ ఒకే రీజియన్‌లో ఉండాలి. ఈ ఒక్క రూల్ గుర్తుంచుకుంటే సగం స్పీడ్ సమస్యలు రావు.

తలుపు ఎవరికి తెరవాలి?

పోస్ట్‌గ్రెస్ 5432 పోర్ట్, మైఎస్‌క్యూఎల్ 3306 పోర్ట్ వాడతాయి. ఇది అందరికీ తెలుసు, స్కానింగ్ బాట్లకు కూడా. "నా ల్యాప్‌టాప్ నుంచి కనెక్ట్ అవ్వట్లేదు" అని ఫైర్‌వాల్‌లో మొత్తం ప్రపంచానికి పర్మిషన్ ఇచ్చేయడం మనవాళ్లకు బాగా అలవాటు. 2017 జనవరిలో పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టిన మోంగోడీబీ సర్వర్లు వేల సంఖ్యలో దాడికి గురయ్యాయి. డేటా తుడిచేసి, బిట్‌కాయిన్ పంపితే తిరిగిస్తాం అని నోట్ పెట్టి వెళ్లారు. అదే ఏడాది చివర్లో వచ్చిన 3.6 వెర్షన్ నుంచి మోంగోడీబీ మనం మార్చకపోతే సొంత మెషీన్ కనెక్షన్లనే తీసుకుంటుంది.

చేయాల్సింది ఇదీ:

• పబ్లిక్ యాక్సెస్ ఆఫ్ చేయండి. మీ సర్వర్‌కు మాత్రమే పోర్ట్ తెరవండి.
• మాస్టర్ యూజర్‌ను యాప్‌కు ఇవ్వొద్దు. చదవడం, రాయడం మాత్రమే చేయగల వేరే యూజర్‌ను పెట్టండి. టేబుల్ డ్రాప్ చేసే హక్కు యాప్‌కు అక్కర్లేదు.
• ఎన్‌క్రిప్షన్ మొదట్లోనే ఆన్ చేయండి. ఆర్‌డీఎస్‌లో తర్వాత పెట్టాలంటే స్నాప్‌షాట్ తీసి, దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి, కొత్త ఇన్‌స్టాన్స్‌గా లేపాలి.
• డిలీషన్ ప్రొటెక్షన్ టిక్ పెట్టండి. ఒక్క టిక్కే.

ఆండ్రాయిడ్ కుర్రాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ పాస్‌వర్డ్‌ను యాప్ లోపల పెట్టొద్దు. ఏపీకే ఫైల్‌ను విప్పి చూడటం ఎంత తేలికో ఈ సైట్ చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. యాప్‌కు, డేటాబేస్‌కు మధ్య ఒక ఏపీఐ ఉండాలి. ఆ 180 మంది రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంక్ ఖాతాలు దాని వెనక ఉన్నాయి మరి.

టేబుల్ డిజైన్‌లో మూడు చిన్న విషయాలు

మొదటిది డబ్బు. ఫ్లోట్ టైప్‌లో 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. లీటర్లు, రేట్లు, రూపాయలు అన్నీ న్యూమరిక్ లేదా డెసిమల్ టైప్‌లోనే పెట్టండి. రైతు స్లిప్‌లో ఒక లెక్క, యాప్‌లో ఇంకో లెక్క ఉంటే ఒక్క పైసా తేడా అయినా గొడవే.

రెండోది టైమ్. క్లౌడ్ సర్వర్లు మామూలుగా యూటీసీలో నడుస్తాయి. మన టైమ్ దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. పొద్దున 5 గంటలకు పోసిన పాలు యూటీసీ లెక్కలో ముందు రోజు రాత్రి 11:30! అంటే 5:30 లోపు పోసినవాళ్ల పాలు నిన్నటి తేదీలో, ఆ తర్వాత పోసినవాళ్లవి ఈ రోజు తేదీలో పడతాయి. పది రోజుల బిల్లు ముగిసిన మర్నాడు ఇలా జరిగితే క్యూలో ముందు నిలబడ్డవాళ్ల ఒక పూట పాలు పాత బిల్లులోకి పోతాయి. అందుకే టైమ్‌ను టైమ్ జోన్‌తో పాటు దాచి, పాలు పోసిన తేదీ, పూట అనే రెండు కాలమ్స్‌ను విడిగా పెట్టాను.

మూడోది డూప్లికేట్లు. పల్లెలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. సేవ్ నొక్కితే రిక్వెస్ట్ వెళ్తుంది, జవాబు రాదు, యాప్ మళ్లీ పంపుతుంది. రైతు, తేదీ, పూట, పాల రకం (ఆవు, గేదె).. ఈ నాలుగూ కలిపి యూనిక్ అని డేటాబేస్‌కే చెప్పేస్తే రెండో ఎంట్రీని అదే ఆపేస్తుంది. యాప్ కోడ్ మీద ఆధారపడక్కర్లేదు.

బ్యాకప్ ఉంది అనుకోవడం వేరు, ఉండటం వేరు

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో జరిగింది సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. రాత్రిపూట రెప్లికేషన్ సమస్య సరిచేస్తూ ఒక ఇంజనీర్ సెకండరీ సర్వర్ అనుకుని ప్రైమరీలో డేటా ఫోల్డర్ డిలీట్ చేశాడు. ఆపేలోపు దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది. సరే, బ్యాకప్ ఉంది కదా అని చూస్తే స్టోరేజ్ బకెట్ ఖాళీ! డేటాబేస్ 9.6 వెర్షన్, బ్యాకప్ తీసే టూల్ 9.2 వెర్షన్. రోజూ ఫెయిల్ అవుతూనే ఉంది. ఫెయిల్ అయిందని వెళ్లే ఈమెయిళ్లను మెయిల్ సర్వర్ తిప్పికొట్టేసింది, ఎవరికీ తెలియలేదు. వేరే పని కోసం ఆరు గంటల ముందు ఎవరో చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. ఇదంతా వాళ్లే దాచకుండా ప్రపంచానికి చెప్పారు.

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ డేటా సెంటర్ ఒకటి కాలిపోయింది. వేరేచోట బ్యాకప్ లేని కస్టమర్ల డేటా తిరిగి రాలేదు. బాబాయ్ అడిగింది కరెక్టే, క్లౌడ్ కూడా కాలుతుంది.

ఈ రెండు సంఘటనల నుంచి నేను తీసుకున్న లెక్క ఇదీ:

• ఆర్‌డీఎస్ ఆటోమేటిక్ బ్యాకప్‌ను 35 రోజుల దాకా ఉంచుకోవచ్చు. 0 పెడితే బ్యాకప్ ఆఫ్ అయినట్టే. నేను 14 పెట్టాను, అంటే ఒక బిల్లు మొత్తం, పైన నాలుగు రోజులు.
• ఇన్‌స్టాన్స్ డిలీట్ చేసేటప్పుడు ఉంచమని చెప్పకపోతే ఆటోమేటిక్ బ్యాకప్‌లు కూడా దాంతోపాటే పోతాయి. మనం తీసిన మాన్యువల్ స్నాప్‌షాట్లు ఉంటాయి.
• మల్టీ ఏజెడ్, రెప్లికా ఇవి బ్యాకప్ కాదు. మెషీన్ పోతే కాపాడతాయి. మీరు డిలీట్ కొడితే అక్కడ కూడా అంతే శ్రద్ధగా డిలీట్ చేస్తాయి.
• వారానికోసారి డంప్ తీసి వేరే రీజియన్‌లో, వీలైతే వేరే అకౌంట్‌లో పెట్టండి.
• నెలకోసారి రీస్టోర్ చేసి చూడండి. ఆర్‌డీఎస్‌లో రీస్టోర్ అంటే పాతదాని మీద రాయడం కాదు, కొత్త అడ్రస్‌తో కొత్త ఇన్‌స్టాన్స్ వస్తుంది. యాప్‌లో ఆ అడ్రస్ ఎక్కడ మార్చాలో ముందే తెలిసి ఉండాలి.

రీస్టోర్ అయ్యాక "సక్సెస్" అన్న పచ్చ రంగు చూసి ఆగిపోవద్దు. నేను రైతుల సంఖ్య, కిందటి బిల్లు మొత్తం లీటర్లు, మొత్తం రూపాయలు పోల్చి చూస్తాను. మూడూ సరిపోతేనే బ్యాకప్ ఉన్నట్టు. దీంతోపాటు మెషీన్ నుంచి వచ్చే కాగితం స్లిప్‌ను ఆపొద్దని బాబాయ్‌కి చెప్పాను. ఏ రీజియన్‌తోనూ సంబంధం లేని బ్యాకప్ అది, పైగా రైతు చేతిలోనే ఉంటుంది.

రోజువారీ చూసుకోవాల్సినవి

డ్యాష్‌బోర్డ్‌లో వంద గ్రాఫ్‌లుంటాయి. మొదట్లో నాలుగు చాలు: డిస్క్ ఎంత ఖాళీ ఉంది, సీపీయూ, కనెక్షన్ల సంఖ్య, నెమ్మదిగా నడిచే క్వెరీలు. డిస్క్ 20 శాతం కంటే తక్కువ మిగిలితే ఫోన్‌కు అలర్ట్ వచ్చేలా పెట్టండి.

కనెక్షన్ల మాట ప్రత్యేకం. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్ నడుస్తుంది, మామూలుగా వచ్చే లిమిట్ 100. సర్వర్‌లెస్ ఫంక్షన్లు వాడితే ప్రతి ఫంక్షన్ ఒక కనెక్షన్ పట్టుకుని కూర్చుంటుంది. పీజీబౌన్సర్ లాంటి పూలర్ మధ్యలో పెడితే కొన్ని కనెక్షన్లతోనే అందరికీ పని జరుగుతుంది.

బిల్లు విషయానికొస్తే, అకౌంట్ తెరిచిన రోజే బడ్జెట్ అలర్ట్ పెట్టండి. ఆర్‌డీఎస్ ఇన్‌స్టాన్స్‌ను "స్టాప్" చేసినా స్టోరేజ్ చార్జీ పడుతూనే ఉంటుంది, 7 రోజుల తర్వాత అదే మళ్లీ స్టార్ట్ అవుతుంది. సెమిస్టర్ ప్రాజెక్ట్ అయిపోతే స్టాప్ కాదు, డంప్ తీసుకుని డిలీట్ చేయండి.

ఫ్రీ ప్లాన్ల గురించి కూడా అడుగుతుంటారు. ప్రాక్టీస్‌కు బ్రహ్మాండం. కానీ హెరోకు 2022 నవంబర్‌లో ఫ్రీ ప్లాన్లు ఎత్తేసినప్పుడు ఎన్నో హాబీ ప్రాజెక్టులు ఇల్లు మారాల్సి వచ్చింది. ఫ్రీలో పెట్టినా, మామూలు పోస్ట్‌గ్రెస్ లేదా మైఎస్‌క్యూఎల్‌లోనే పెట్టండి. ఒక డంప్ ఫైల్‌తో ఎక్కడికైనా వెళ్లిపోవచ్చు.

నా ఫైనల్ మాట

చిన్న యాప్, ఇంకొకరి నిజమైన డేటా ఉంటే: మేనేజ్డ్ పోస్ట్‌గ్రెస్, అతి చిన్న సైజ్, ముంబై లేదా హైదరాబాద్ రీజియన్, పబ్లిక్ యాక్సెస్ ఆఫ్, 14 రోజుల బ్యాకప్, వేరేచోట వారానికో డంప్. కాలేజీ ప్రాజెక్టే అయితే ఫ్రీ ప్లాన్ చాలు.

ఇప్పటికే మీ డేటాబేస్ ఎక్కడో నడుస్తుంటే ఈ ఆదివారం ఒక గంట పక్కన పెట్టండి. మీ చివరి బ్యాకప్‌ను కొత్త ఇన్‌స్టాన్స్‌లోకి రీస్టోర్ చేసి, వరసలు లెక్కపెట్టి, సరిపోయాక ఆ కొత్తదాన్ని డిలీట్ చేసేయండి. గంట వాడకానికి అయ్యే ఖర్చు ఒక సమోసా, చాయ్ అంత కూడా ఉండదు. లెక్క సరిపోకపోతే, ఆ సంగతి మీకు ఆదివారం నాడే తెలియడం మంచిది.