వీరేశలింగం గారు నాస్తికుడా?

కందుకూరి వీరేశలింగం గారి పేరెత్తితే మా హాస్టల్లో చాలామంది "ఆయన నాస్తికుడు కదరా" అంటారు. అసలు కాదు. ఆధునిక తెలుగు జాతికి పునాది వేసిన ఆయన గట్టి దైవభక్తుడు.

ఆయన నమ్మింది ఒక్కడే దేవుణ్ణి, రూపం లేనివాణ్ణి. విగ్రహారాధన, కులభేదాలు వద్దన్నారు. బ్రహ్మసమాజం భావాలతో 1878లో రాజమండ్రిలో ప్రార్థన సమాజం పెట్టారు. 1881 డిసెంబర్ 11న అక్కడే మొదటి వితంతు వివాహం జరిపించారు. అడ్డుపడ్డ పండితులతో శాస్త్రాలు ముందు పెట్టుకునే వాదించారు. నాకు అర్థమైనంతలో ఆయన లెక్క సింపుల్: అందరూ ఒకే దేవుడి బిడ్డలైతే, ఒక ఆడమనిషి మాత్రం అశుభం ఎలా అవుతుంది?

మాది పట్టిసీమ. శివరాత్రికి పడవెక్కి, గోదారి మధ్య కొండమీదున్న వీరభద్రస్వామి గుడికి వెళ్తాం. అమ్మమ్మ కూడా వస్తుంది. కానీ ఇంట్లో పేరంటం అంటే, తాతయ్య పోయినప్పటి నుంచి ఆవిడ వంటింట్లోంచి బయటికి రాదు.

విగ్రహాల విషయంలో వీరేశలింగం గారితో నేను ఏకీభవించను, నాకు ఆ గుడంటే ఇష్టం. వంటింటి విషయంలో మాత్రం ఆయనే కరెక్ట్. ఈసారి పేరంటంలో మొదటి తాంబూలం అమ్మమ్మకే ఇవ్వమని అమ్మని అడిగాను. ఇంకా ఏమీ చెప్పలేదు.