గుడ్డు మునిగింది అన్నా!

ఈ ఎపిసోడ్‌లో కొత్త ప్రయోగం లేదు. నేను చేసిన ఒక తప్పు గురించి చెప్తాను. సైన్స్ వీడియోలు చూసేవాళ్లకీ, తీద్దామనుకునేవాళ్లకీ పనికొస్తుంది.

యూట్యూబ్‌లోకి రాకముందు నేను నెల్లూరు చుట్టుపక్కల స్కూళ్లలో సైన్స్ షోలు చేసేవాణ్ణి. మన దగ్గర ఇది కొత్తేం కాదు. 1988లో మొదలైన జన విజ్ఞాన వేదిక వాళ్లు ఊళ్లలో తిరిగి, మహిమలు అనుకునేవాటి వెనక ఉన్న సైన్స్‌ని చేసి చూపించేవాళ్లు. ఎదురుగా జనం ఉంటే దాచడానికేమీ ఉండదు. ప్రయోగం రాకపోతే ముందు వరుసలో పిల్లలే "సార్, రాలేదు!" అని అరుస్తారు. అప్పుడు ఎందుకు రాలేదో అక్కడే వెతకాలి. నిజం చెప్పాలంటే పిల్లలు ఎక్కువ నేర్చుకునేది అప్పుడే.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, డేటా చవకైంది. పిల్లలు ఫోన్‌లోకి వెళ్లారు, వాళ్ల వెనకే నేనూ వెళ్లాను. స్టేజి మీద అరగంట పట్టేది వీడియోలో రెండు నిమిషాలే. రానిదంతా ఎడిటింగ్‌లో కట్!

అలా ఒకసారి గుడ్డు ప్రయోగం తీశాను. కుళాయి నీళ్లలో మునిగిన గుడ్డు, ఉప్పు బాగా కలిపితే తేలింది. అక్కడితో ఆపొచ్చు కదా? "మన మైపాడు సముద్రంలో వేసినా ఇంతే, అదీ ఉప్పునీళ్లే కదా" అనేశాను. వేసి చూడలేదు.

కొన్నాళ్లకి ఎనిమిదో తరగతి పాప ఒకామె మెసేజ్ పెట్టింది. బాటిల్‌లో సముద్రం నీళ్లు తీసుకెళ్లి క్లాసులో అందరి ముందూ చేసిందట. "గుడ్డు మునిగింది అన్నా. అందరూ నవ్వారు. నేనేం తప్పు చేశాను?" అని అడిగింది.

తప్పు ఆ పాపది కాదు, నాది. లెక్క చూడండి. లీటరు సముద్రం నీళ్లు సుమారు 1025 గ్రాములు తూగుతాయి. అంతే చోటు పట్టే తాజా గుడ్లు సుమారు 1080 గ్రాములు ఉంటాయి. నీళ్లకన్నా గుడ్డే బరువు, కాబట్టి మునుగుతుంది. సముద్రంలో లీటరుకి ఉప్పు దాదాపు 35 గ్రాములే. తాజా గుడ్డు తేలాలంటే 100 గ్రాములు దాటాలి. ఇంకో మెలిక కూడా ఉంది. గుడ్డు పాతబడేకొద్దీ పెంకులోని సన్నని రంధ్రాల్లోంచి తడి పోయి, లోపల గాలి పెరుగుతుంది. అలాంటి పాత గుడ్డు సముద్రం నీళ్లలో తేలినా తేలొచ్చు.

తర్వాత ఎండాకాలంలో ఇస్కపల్లి ఉప్పు మడుల దగ్గరికెళ్లి మళ్లీ తీశాను. సముద్రం నీళ్లలో గుడ్డు మునిగింది. ఎండకి ఆవిరై చిక్కబడిన మడి నీళ్లలో అదే గుడ్డు తేలింది. రెండూ ఒకే షాట్‌లో, కట్ లేకుండా పెట్టాను. ఆ పాప కూడా రెండు రకాల నీళ్లతో క్లాసులో మళ్లీ చేసి చూపించింది. ఈసారి ఎవరూ నవ్వలేదట.

అప్పట్నుంచీ నాకు రెండు రూల్స్. చేసి చూడనిది చెప్పను. ఫెయిలైన షాట్ తీసెయ్యను. ఎందుకంటే స్టేజి ముందు కూర్చున్న పిల్లలు నన్ను అక్కడే నిలదీసేవాళ్లు. ఫోన్‌లో చూసిన పాప మాత్రం ఒంటరిగా నవ్వులపాలైంది.

మీరూ ఇంట్లో గ్లాసు నీళ్లలో గుడ్డు వేసి, స్పూను స్పూనుగా ఉప్పు కలుపుతూ చూడండి. ఎన్ని స్పూన్లకి తేలిందో, గుడ్డు ఎన్ని రోజులదో రాయండి. తేలకపోయినా సరే, అదీ రాయండి. ఉంటాను మరి!