మీకు తెలుసా? దూరం పెరిగింది, సమయం తగ్గింది!

2016 అక్టోబరులో ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం దాదాపు 1,400 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి, గంటకు పైగా ముందే గమ్యం చేరింది.

అంతకుముందు ఈ విమానం ఐరోపా, అట్లాంటిక్‌ల మీదుగా పడమటికి వెళ్లేది: సుమారు 13,900 కిలోమీటర్లు, 16 గంటల పైచిలుకు ప్రయాణం. దారి మార్చి తూర్పుగా పసిఫిక్ దాటించారు. ఈసారి 15,300 కిలోమీటర్లు, పట్టింది మాత్రం పద్నాలుగున్నర గంటలే.

కిటుకంతా గాలిదే. నేలకు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున, సరిగ్గా విమానాలు ఎగిరే చోటే, పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం సాగుతుంది. ఒక్కోసారి దాని వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. ఎదురైతే ఏటికి ఎదురీదడమే; వెనక నుంచి తోస్తే సమయంతోపాటు ఇంధనమూ మిగులుతుంది. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లేందుకూ, తిరిగి వచ్చేందుకూ పట్టే సమయాల్లో తేడా రావడానికి ఒక ముఖ్య కారణం ఈ గాలే.

ఇంకో విశేషం: ఆ రోజు ప్రయాణికులు ఆదివారం తెల్లవారుజామున ఢిల్లీలో బయల్దేరి, అంతర్జాతీయ దినరేఖ దాటి, అదే ఆదివారం పొద్దున శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగారు.