ఈ మాత్రకు పాలు మేలు.. ఆ మాత్రకు చేటు! ఎందుకంటే?

మాత్ర పాలతో వేసుకోవాలా, నీళ్లతోనా? ఏ ఇంట్లోనైనా వచ్చే డౌటే ఇది. ఆన్సర్ మాత్రం మందును బట్టి మారిపోతుంది.

కుష్ఠు మందు క్లోఫజిమిన్‌నే చూడండి. నెల్లూరుకు ఈ వ్యాధితో పోరాటం కొత్త కాదు, డామియన్ ఫౌండేషన్ ఆస్పత్రి ఇక్కడే ఉంది. సర్కారు ఉచితంగా ఇచ్చే ఎండీటీ ప్యాక్‌లో రిఫాంపిసిన్, డాప్సోన్‌తో పాటు క్లోఫజిమిన్ కూడా ఉంటుంది. చిక్కేంటంటే ఇది నీళ్లలో దాదాపు కరగదు. కరగని మందు పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్లలేదు. అందుకే దీన్ని అన్నంతోనో, పాలతోనో వేసుకోమంటారు.

పాలలో సన్నటి కొవ్వు బిందువులుంటాయి. అవి పేగులో అరిగేటప్పుడు వచ్చే కొవ్వు ఆమ్లాలు, పైత్యరసంతో కలిసి మందును తమలో ఇముడ్చుకుంటాయి. మన గేదె పాలలో ఆ కొవ్వు ఆవు పాల కంటే ఎక్కువే! ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ సైంటిస్టులు క్లోఫజిమిన్‌ను, ఆర్టిఫెనోమెల్ అనే మలేరియా మందును పాలతో కలిపి పరీక్షించారు. మాత్ర మింగలేని పసిపిల్లలకు పాలపొడితోనే మందు ఇవ్వొచ్చన్నది వాళ్ల ఆలోచన.

అలాగని అన్నీ పాలతో మింగేస్తే దెబ్బే. టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్‌ను పాలలోని కాల్షియం పట్టేసుకుంటుంది, ఒంటికి అందేది తగ్గిపోతుంది. అంతెందుకు, అదే ఎండీటీ ప్యాక్‌లోని రిఫాంపిసిన్ ఖాళీ కడుపుతోనే బాగా ఒంటబడుతుంది. కాబట్టి ఏది ఎప్పుడు, దేనితో వేసుకోవాలో ప్యాక్ ఇచ్చేటప్పుడే హెల్త్ సెంటర్‌లో అడగండి.

ఇంకో మాట. క్లోఫజిమిన్‌తో చర్మం ఎర్రగా, గోధుమ రంగులోకి మారుతుంది. భయపడి మధ్యలో మానేయొద్దు. కోర్సు అయ్యాక ఆ రంగు మెల్లగా తగ్గుతుంది.