తాతలనాటి తుపాకీ... మళ్లీ పేలుతోంది!

నూట యాభై ఏళ్లనాటి తుపాకీని వెతికి మరీ కొంటారు. గోడకి తగిలించి మురిసిపోవడానికే కాదు... మందు కూరి, గుండు దట్టించి, పేల్చి చూడటానికి! అసలుది పేల్చే వీల్లేకపోతే అచ్చం అలాంటిదే కొత్తది చేయించుకుంటారు. ఈ సరదాకి డబ్బు కన్నా ఓపిక ముఖ్యం. ఓపిక కన్నా జాగ్రత్త ముఖ్యం.

ఖాట్మండూలోని లగన్ శిలేఖానా పేరుకి పాత రాజభవనం. లోపల మాత్రం గదులనిండా తుపాకులే! చెకుముకిరాయి నిప్పుతో పేలేవి, రాగి టోపీతో పేలేవి, వెనకనుంచి తూటా పెట్టేవి... అన్నీ గుట్టలుగా పడి ఉండేవి. వాటిమీద దశాబ్దాల దుమ్ము. వాడకం అయిపోయిన తుపాకుల్ని నేపాల్ సైన్యం పారేయకుండా తరం తర్వాత తరం అక్కడే దాస్తూ వచ్చింది. 2003లో అమెరికాకు చెందిన రెండు పాత ఆయుధాల వ్యాపార సంస్థలు కలిసి ఆ సరుకును కొన్నాయి. లెక్కపెడితే 50 వేలకు పైగా తుపాకులు తేలాయి.

మామూలు కళ్లకి అది తుప్పుపట్టిన ఇనుము. పాత తుపాకులు సేకరించేవాళ్లకి మాత్రం నిధి. అందులో ఈస్టిండియా కంపెనీ కాలంనాటి 'బ్రౌన్ బెస్' తుపాకులున్నాయి. విక్టోరియా రాణి సైనికులు మోసిన మార్టినీ హెన్రీలున్నాయి. ఇంకెక్కడా దొరకనివీ ఉన్నాయి. నేపాల్ సేనాని గహేంద్ర శంషేర్ పేరుతో అక్కడి పనివాళ్లు తయారుచేసిన రైఫిళ్లు, రెండు గొట్టాలుండి చేత్తో తిప్పితే వరసగా పేలే 'బీరా' తుపాకులు అలాంటివే. అన్నీ చేత్తో సానబట్టి చేసినవి. అందుకే ఒకదాని భాగం ఊడదీసి ఇంకోదానికి బిగిద్దామంటే సరిపోదు!

ముద్ర చెప్పే జాతకం

పాత తుపాకీ చేతికి రాగానే సేకరించేవాళ్లు ముందు చూసేది దాని ఒంటిమీది ముద్రల్ని. బ్రిటిష్ సైనిక తుపాకీ అయితే పక్కనున్న ఇనుప పలక మీద కిరీటం గుర్తు, చాలావాటి మీద తయారైన సంవత్సరం కనిపిస్తాయి. గొట్టం మీద పరీక్ష ముద్రలు వేరే. ఎక్కువ మందు పెట్టి పేల్చి, గొట్టం తట్టుకుంటేనే ఆ ముద్ర వేసేవారు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఈ పనికోసమే 1813లో ప్రత్యేకంగా ఓ సంస్థను పెట్టారు. నేపాల్ నుంచి వచ్చినవాటి మీద దేవనాగరి లిపిలో అంకెలుంటాయి. ఈ గుర్తుల్ని బట్టే అది ఎక్కడ పుట్టిందో, ఎవరి చేతుల్లోకి వెళ్లిందో కూపీ లాగుతారు.

అందుకే ఈ రంగంలో కొత్తవాళ్లకి చెప్పే మొదటి మాట... 'మెరుగు పెట్టకు' అని. తళతళలాడేలా ఇసుక కాగితంతో రుద్దితే తుప్పుతోపాటు ముద్రలూ పోతాయి. వందేళ్ల చేతి రాపిడితో కొయ్యకి వచ్చిన రంగూ పోతుంది. దాంతోపాటే ధరా పడిపోతుంది. కదిలే తుప్పును నూనెతో మెత్తబరచి తుడవడం, చెదలు పట్టకుండా చూడటం... అంతే. మిగతాదంతా చరిత్ర అనుకుని వదిలేయాలి.

నకలుకూ ఓ ఊరుంది

మరి పేల్చాలనిపిస్తే? అక్కడే చిక్కు. అసలు తుపాకీ గొట్టం లోపల తుప్పు ఎంత తినేసిందో పైకి కనిపించదు. పేల్చితే పగలొచ్చు. పగిలితే తుపాకీతోపాటు వేళ్లూ పోతాయి. పోనీ దాచిపెట్టుకుంటే అది ఎలా పేలేదో ఎన్నటికీ తెలియదు. ఈ చిక్కుకి దొరికిన జవాబే నకలు తుపాకీ. బొమ్మ కాదది. అసలు కొలతలతో, కొత్త ఉక్కుతో చేసిన నిజమైన తుపాకీ.

ఈ నకళ్ల వ్యాపారం ఊపందుకున్నది 1950ల చివర్లో. అమెరికా అంతర్యుద్ధం 1861లో మొదలైంది. నూరేళ్ల ఉత్సవాలు దగ్గరపడేకొద్దీ ఆనాటి తుపాకుల మీద జనానికి మోజు పెరిగింది. అసలువి అందరికీ చాలవు. వాల్ ఫోర్గెట్ అనే అమెరికన్ వ్యాపారి ఇటలీ దారి పట్టాడు. అక్కడి బ్రెషియా నగరానికి దగ్గర్లో గార్డోనె వాల్ ట్రోంపియా అనే ఊరుంది. శతాబ్దాలుగా తుపాకులు చేయడమే ఆ లోయ బతుకుదెరువు. బెరెట్టా కంపెనీది ఆ ఊరే. దాని లెక్కలు 1526 నుంచీ ఉన్నాయి! పాత కోల్ట్ రివాల్వర్‌కు నకలు చేసిపెట్టమని ఫోర్గెట్ అక్కడి పనివాళ్లను అడిగాడు. ఉబెర్టి, పెడెర్సోలి లాంటి ఇటలీ కంపెనీలు పేరు తెచ్చుకున్నది ఈ నకళ్లతోనే. 1970ల్లో బర్మింగ్‌హామ్‌లోని పార్కర్ హేల్ కంపెనీ 1853 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ను మళ్లీ తయారుచేసింది. పాత కొలపరికరాల ఆధారంగా చేయడంతో వాటికి మంచి గిరాకీ వచ్చింది.

ఒక్క గుండుకి ఇంత తతంగమా!

ఆ ఎన్‌ఫీల్డ్ పొడవు దాదాపు నాలుగున్నర అడుగులు. బరువు నాలుగు కిలోల పైమాటే. దాన్ని పేల్చడమంటే ట్రిగ్గర్ నొక్కడం కాదు, అదో తతంగం. తుపాకీని నిలబెట్టి కాగితపు పొట్లం చించాలి. గొట్టంలో మందు పోయాలి. దానిమీద సీసపు గుండు పెట్టి పొడవాటి ఇనుపచువ్వతో కిందిదాకా దిగ్గొట్టాలి. చువ్వను తీసి మళ్లీ దాని చోట్లో పెట్టాలి. అప్పుడు తుపాకీ ఎత్తి, వెనకున్న చిన్న గొట్టం మీద రాగి టోపీ తొడగాలి. ఇక గురిచూసి నొక్కితే సుత్తిలాంటి కొక్కెం ఆ టోపీ మీద పడి నిప్పు పుడుతుంది. ఆనాటి తర్ఫీదు పొందిన సైనికుడు ఇవన్నీ చేస్తూ నిమిషానికి మూడుసార్లు పేల్చేవాడు. కొత్తవాళ్లకి ఒక్కసారి పేల్చేసరికే నిమిషం దాటిపోతుంది.

మోత కూడా ఇప్పటి రైఫిల్‌లా 'ఠాప్' మని ఉండదు. 'ధన్' మని బరువుగా వస్తుంది. ముందు తెల్లటి పొగ కమ్ముకుంటుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన. సూరేకారం, బొగ్గు, గంధకం కలిపిన నల్లమందు మహిమ అది. కాలిన మందంతా పొగగా పోదు, కొంత మసిగా మిగిలిపోతుంది. అది గొట్టం లోపల అట్టకట్టి గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఆ సాయంత్రమే వేడినీళ్లతో కడిగి, తుడిచి, నూనె పట్టించకపోతే తుప్పు మొదలవుతుంది. గంటసేపు కాల్చిన సరదాకి అంతకంతా కడుగుడు చాకిరీ!

పాఠంలో లేని పాఠం

1857 తిరుగుబాటు పాఠం చదవనివాళ్లు ఉండరు. కొత్త ఎన్‌ఫీల్డ్ తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న వార్త సిపాయిల్లో పాకింది. ఆ తూటాను నోటితో కొరికి చించాలి. ఆ మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరగబడ్డాడు. మే 10న మీరట్ భగ్గుమంది. ఇంతవరకూ పుస్తకంలో ఉంటుంది. అసలు తూటాకి కొవ్వు ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు ఆ తుపాకీని నాలుగుసార్లు పేల్చినవాళ్ల చేతులకి తెలుసు. ఎన్‌ఫీల్డ్ గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి. గుండు సుడి తిరుగుతూ సూటిగా పోయేది వాటివల్లే. కానీ కాసిని గుళ్లు పేలగానే ఆ గాడుల్లో మసి గట్టిపడుతుంది. జిడ్డు లేని గుండు లోపలికి దిగనని మొరాయిస్తుంది. అంటే జిడ్డు లేనిదే ఆ తుపాకీ లేదు. సిపాయిలు తేనెమైనం, నూనె లాంటివి సొంతంగా పూసుకోవచ్చని ఆ జనవరిలోనే అధికారులు ఒప్పుకున్నారు. కానీ అప్పటికే నమ్మకం పోయింది. తిరుగుబాటు అణచివేశాక భారతీయ సిపాయిల కోసం పైకి ఎన్‌ఫీల్డ్‌లాగే ఉండే మరో తుపాకీ వచ్చింది. దాని గొట్టంలో గాడులు లేవు. గురి తప్పే తుపాకీ అన్నమాట! ఈ రెండు రకాలనూ పక్కపక్కన పెట్టి గొట్టంలో వేలుపెట్టి చూస్తే చాలు... ఆంగ్లేయులకు సిపాయిల మీదున్న భయం వేలికి తగులుతుంది.

ఇంకో ఉదాహరణ. 1863 జులైలో అమెరికాలో గెటిస్‌బర్గ్ యుద్ధం ముగిశాక మైదానంలో 27 వేలకు పైగా తుపాకులు ఏరారు. అప్పటి లెక్కల ప్రకారం వాటిలో 24 వేల దాకా మందు కూరి ఉన్నవే. ఇంచుమించు సగం తుపాకుల్లో ఒకదానిమీద ఒకటి రెండేసి సార్లు కూరారు. ఒకదానిలో ఏకంగా 23 గుళ్లున్నాయి! ఆ సైనికులు తెలివితక్కువవాళ్లా? కాదు. చుట్టూ పొగ, చెవులు చిల్లులుపడే మోత. పక్కవాడి తుపాకీ పేలిందో తనదే పేలిందో తెలియని స్థితి. పేలిందనుకుని మళ్లీ కూరుకుంటూ పోయారు. ఇవాళ నకలు తుపాకులతో వరసగా నిలబడి కాల్చేవాళ్లకి ఆ గందరగోళం అర్థమవుతుంది. అందుకే వాళ్లు చువ్వ మీద గీత గీసుకుంటారు. ఖాళీ గొట్టంలో చువ్వ ఎంత దిగుతుందో, గుండు ఉంటే ఎంతవరకు ఆగుతుందో ఆ గీత చెబుతుంది.

పోటీలూ ఉన్నాయి

అమెరికాలో 1950లో మొదలైన నార్త్ సౌత్ స్కర్మిష్ అసోసియేషన్ ఈ సరదాని పోటీగా మార్చింది. అంతర్యుద్ధంనాటి అసలు తుపాకులు లేదా వాటి నకళ్లు పట్టుకుని, ఆనాటి దుస్తులేసుకుని జట్లు జట్లుగా వస్తారు. మట్టికుండలు, పెంకులు ఎదురుగా ఉంటాయి. అన్నీ పగలగొట్టడానికి ఎవరికి తక్కువ సమయం పడితే వాళ్లదే గెలుపు.

1971 నుంచి అంతర్జాతీయ పోటీలూ జరుగుతున్నాయి. అసలు తుపాకులకు, నకళ్లకు వేర్వేరు విభాగాలు. అరగంటలో 13 సార్లు కాల్చాలి. బాగా తగిలిన 10 లెక్కలోకి వస్తాయి. వత్తి వెలిగించి పేల్చే జపాన్ తుపాకులకూ ఓ పోటీ ఉంది. దాని పేరు తనెగాషిమ. 1543లో పోర్చుగీసువాళ్లతో తుపాకీ తొలిసారి జపాన్‌లో అడుగుపెట్టిన దీవి పేరది.

పాతదే కదా అనుకుంటే...

పాత తుపాకీ అంటే ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. అమెరికా 1968 చట్టం ప్రకారం 1898కి ముందూ, ఆ ఏడాదీ తయారైనవి పురాతన వస్తువులు. బ్రిటన్‌లోనూ ముచ్చటకి దాచుకునే పురాతన తుపాకులకు లైసెన్సు అక్కర్లేదు. పేల్చాలంటే మాత్రం కావాలి. అయితే ఆ వెసులుబాటును నేరగాళ్లు వాడుకోవడంతో 2021లో బ్రిటన్ నిబంధనలు బిగించింది. ఏవి పురాతనమో, ఏవి కావో పట్టిక వేసి మరీ తేల్చింది. నిజాయతీగా సేకరించేవాళ్లకి దీనివల్ల ఇబ్బందే. కానీ ముచ్చట పేరుతో ప్రాణాలు తీసే ఆయుధం వీధిలోకి రాకూడదన్నదీ కాదనలేని మాటే.

మనదేశంలో కొడగు సంగతి వేరు. అక్కడి కొడవలకు తుపాకీ అంటే పూజావస్తువు. ఏటా సెప్టెంబరులో వచ్చే కైల్‌పొద్ పండగనాడు ఆయుధాలకు పూలు పెట్టి పూజిస్తారు. ఎత్తున కట్టిన కొబ్బరికాయను గురిచూసి కొట్టే పోటీలు పెట్టుకుంటారు. ఇంట్లో మగబిడ్డ పుడితే ఆకాశంలోకి ఒకసారి, ఎవరైనా పోతే రెండుసార్లు పేల్చడం ఆచారం. బ్రిటిష్ కాలం నుంచీ వాళ్లకి లైసెన్సు మినహాయింపు ఉంది. 2019లో కేంద్రం దాన్ని 2029 వరకు పొడిగించింది. రెండేళ్ల తర్వాత కర్ణాటక హైకోర్టూ సమర్థించింది.

మన హైదరాబాద్‌కీ తుపాకీతో పాత చుట్టరికమే. నిజాం కొలువులో పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్ హయాంలో, 1795లో ఏర్పాటైన ఫిరంగుల కార్ఖానా పేరే ఇవాళ్టి గన్‌ఫౌండ్రీ. మందు కూరే పాత తుపాకుల్ని దగ్గర్నుంచి చూడాలనుకునేవాళ్లకి సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాల గది ఉండనే ఉంది. దానికి లైసెన్సు అక్కర్లేదు, టికెట్టు చాలు!

అటక మీద తాత తుపాకీ ఉందా?

- ముందు దాన్ని నిండుగా ఉందనే అనుకోండి. వందేళ్లనాటి మందు కూడా పేలొచ్చు. గొట్టం మనుషులవైపు తిప్పొద్దు. సరదాకి కూడా ట్రిగ్గర్ నొక్కొద్దు.

- పేలే స్థితిలో ఉంటే, ముందునుంచి మందు కూరేదైనా సరే, 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాల్సిందే. మరమ్మతు చేసినా పేలని పాతకాలపు ఆయుధాలకే 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తోంది. అది పేలుతుందో లేదో మీరు తేల్చకండి. పోలీసుస్టేషన్‌లో చెప్పి, వాళ్లు చెప్పినట్టు చేయండి.

- 2019 సవరణతో మామూలు పౌరుడు ఉంచుకోదగ్గ తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోవే.

- వందేళ్లు దాటిన వస్తువును సొంతంగా విదేశాలకు పంపడం 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నేరం. విదేశంలోని బంధువుకి కానుకగా పంపుదామనుకుంటే ఆగండి.

- తాత ఫొటో ఉంటే, ఆ తుపాకీ గురించి ఇంట్లో పెద్దలు చెప్పే కబుర్లుంటే రాసి పెట్టండి. ఇనుము ఎవరిదగ్గరైనా దొరుకుతుంది. ఆ కథ మీ ఇంట్లోనే ఉంది.